నడుము నొప్పి అని చెప్పు

దేవరకొండలో ముస్లింల ఇళ్ళల్లో ఆడమనిషి ఎవరైనా చనిపోతే అందరికంటే ముందు గుర్తొచ్చే పేరు అమీరున్నీసా. అదే ఇళ్ళల్లో పెళ్ళి జరిగితే అందరికంటే ఆఖరున గుర్తొచ్చే పేరు కూడా అదే. ఒక్కోసారి అసలు గుర్తుకే రాదు.

నేను ఈ ఊళ్ళో ఆడవాళ్ళ బట్టలు కుట్టే దుకాణం నడుపుతాను. పేరు శ్రీవాణి. నా కుట్టు మంచిది, నోరు మంచిది కాదు అంటారు మా వీధివాళ్ళు. అనుకోనీ. అమీరున్నీసా ఇల్లు మా పక్కిల్లే, మధ్యలో ఒకటే గోడ. ఆమెను నేను ఆపా అంటాను, అక్క అని. నేను కుట్టిన జాకెట్లకు హుక్కులూ చీరలకు ఫాల్సూ ఆమే కుట్టేది. ఆమె భర్త సర్దార్ ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. స్టీలు గిన్నెలొచ్చి ఆ పని పోయింది. తెలంగాణ వచ్చిన మరుసటేడు సర్దారూ పోయాడు. మిగిలింది ఒక్క కూతురు, మిస్బా.

హుక్కులు కుట్టడం ఆపాకు బతుకుదెరువు. ఆమె అసలు పని చనిపోయిన ఆడవాళ్ళకు ఆఖరి స్నానం చేయించడం. వాళ్ళు దాన్ని గుసుల్ అంటారు. ఆడమనిషికి ఆడవాళ్ళే చేయించాలి. రేగాకులు వేసి కాచిన నీళ్ళు పోసి, కర్పూరం అద్ది, తెల్లటి కఫన్ గుడ్డలు చుట్టి, ఆఖరి చూపుకు సిద్ధం చేయాలి. దీనికి ఆమె ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. ఇది ఎవరైనా చేయొచ్చు, చేస్తే ఎంతో పుణ్యం అని అందరూ చెప్తారు. చెప్పినవాళ్ళందరూ గడప బయటే నిలబడతారు.

ఆపా కొత్త కోడలుగా వచ్చిన రోజుల్లో వీధిలో ఒక బాలింత చనిపోయిందట. గుసుల్ ఇచ్చే ముసలామెకు చేతులు వణుకుతున్నాయి, నీళ్ళందించే మనిషి కావాలంది. చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంకా చేతుల గోరింటాకు పోని ఈ పిల్ల లేచి చెంబు పట్టుకుంది. అంతే, ఆ చెంబును మళ్ళీ కింద పెట్టనివ్వలేదు ఈ ఊరు.

ఇంట్లో చావు జరిగినప్పుడు పరుగెత్తుకొచ్చి, "ఆపా, నువ్వే దిక్కు" అని చేతులు పట్టుకుంటారు. ఆ ఏడాదే ఆ ఇంట్లో పెళ్ళయితే, పెళ్ళికూతురికి పసుపు పెట్టే వేళకు ఆ చేతులు పనికిరావు. బిర్యానీ మాత్రం డబ్బాలో పెట్టి ఇంటికి పంపిస్తారు. అది గౌరవమట. మా హిందువులేం తక్కువ కాదు. ఆపా ఎదురొస్తే మా నిర్మలమ్మత్త వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయి, కాసిని మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేది. ఆ నిర్మలమ్మత్త జాకెట్లకు హుక్కులన్నీ ఆపా చేతివే. ఒకరోజు ఆ మాట ఆమె మొహం మీదే అనేశాను. చాలా రోజులు నా దుకాణం గడప తొక్కలేదు. తర్వాత ఇంకెవరి కుట్టూ కుదరక తిరిగొచ్చింది.

గుసుల్ చేయించేటప్పుడు చాటున చూసిందేదీ బయట చెప్పకూడదని వాళ్ళలో గట్టి కట్టుబాటు. ఒంటి మీద ఏ మచ్చ ఉన్నా, ఏ వాత ఉన్నా అది మట్టిలోకే పోవాలి. ఆపా ఎన్నడూ ఎవరి గురించీ చెప్పలేదు, నాకు కూడా. అడిగితే, "మంచిగనే పోయింది, మొఖం తేటగ ఉన్నది" అనేది. అందరి గురించీ అదే మాట. అలా నోరు కట్టుకోవడం ఆమెకు ఒక భక్తిలాగా అలవాటైపోయింది. ఆ అలవాటే తర్వాత ఆమె కొంప ముంచింది.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఇంటివాళ్ళే ముట్టుకోవడానికి భయపడిన రోజుల్లో, ఆపా ప్లాస్టిక్ కోటు తొడుక్కొని వెళ్ళింది. ఎవరో ఆమె ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. ఊరంతా దండాలు పెట్టే బొమ్మలు పంపుకున్నారు. ఆ నెలలోనే మిస్బాకు వచ్చిన మోత్కూరు సంబంధం వెనక్కి పోయింది. తల్లి శవాలు కడుగుతుందని తెలిసిందట. ఎట్లా తెలిసిందీ అంటే, ఆ ఫొటో చూసే! నాకు ఒళ్ళు మండిపోయింది.

అంతకు ముందొక సంబంధం కూడా ఇట్లాగే పోయింది. మిస్బా డిగ్రీ చదివి, ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. తెలివైన పిల్ల. తల్లి పని తప్పని ఆమె ఏనాడూ అనలేదు. కానీ ఆ పని తన ముందు నడుచుకుంటూ వెళ్ళి ప్రతి ఇంటి తలుపూ మూసేస్తుంటే ఆ పిల్ల మాత్రం ఎంతకని ఓర్చుకుంటుంది.

ఆ తర్వాత కొత్తకోట సంబంధం వచ్చింది. పిల్లవాడు ఫిరోజ్‌కు హైవే పక్కన లారీ టైర్ల దుకాణం. తండ్రి లేడు. తల్లి జబీన్. వాళ్ళు చూడటానికి వచ్చే ముందు రోజు మిస్బా తల్లి ముందు కూర్చుంది. నేనూ అక్కడే ఉన్నాను. వాళ్ళు ఉర్దూలో అనుకున్నవి కూడా నేను మన మాటల్లోనే చెప్తున్నాను.

"అమ్మీ, గీ ఒక్క సంబంధమన్న నిలవనియ్యి. నువ్వు హుక్కులు కుడ్తవ్. గంతే చెప్పు. అది అబద్ధం కాదు గద."

"అబద్ధమైతే కాదు బిడ్డా."

"ఇగ ఎవ్వలు పిలిచినా పోవద్దు. నా మీద ఒట్టు."

ఆపా చాలాసేపు తన చేతుల వంక చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"శ్రీవాణీ, ఇగ ఎవ్వలన్న పిలువనీకి వస్తే నడుము నొప్పి అని చెప్పు."

"నేను చెప్ప ఆపా. నీ నడుము మంచిగున్నదని ఊరందరికి ఎరికే. చెప్పుకుంటే నువ్వే చెప్పుకో."

మిస్బా నన్ను కొరకొరా చూసింది.

ఆ అబద్ధాన్ని ఆమే చెప్పుకుంది. పెళ్ళి కుదిరింది. ఆ తర్వాత వీధి చివర హఫీజాబీ అనే ముసలామె చనిపోయింది. ఆపాకు బిడ్డ పుట్టినప్పుడు నలభై రోజులు వండిపెట్టిన మనిషి ఆమె. కొడుకులు వచ్చి పిలిస్తే, "నడుము పట్టేసింది, లేవస్తలేదు" అని మంచం మీద నుంచే చెప్పింది. వాళ్ళు వెళ్ళిపోయాక తలుపేసుకొని ఏడ్చింది. గోడవతల మిషన్ ఆపి నేను విన్నాను. అన్నాళ్ళూ ఆమెను పసుపు దగ్గరకు రానివ్వని ఆడవాళ్ళే, "కొత్తకోట వియ్యంపుటోళ్ళు దొరికిన్రని గర్వమొచ్చింది" అని మాట్లాడుకున్నారు. ఆ మాట కూడా నా దుకాణంలోనే అన్నారు. కొలతలు తీసుకుంటూ టేపు జర గట్టిగానే బిగించాను.

పెళ్ళి బాగానే జరిగింది. జబీన్ మంచి మనిషి. గట్టిగా మాట్లాడేది, గట్టిగా నవ్వేది. వచ్చిందంటే నా దుకాణంలోనూ కూర్చొని, గుడ్డ ముక్కలు ఏరుకొని దిండు గలీబులకు పట్టుకుపోయేది. ఆపాను ప్రేమగా "సమ్‌ధన్" అని పిలిచేది. వియ్యపురాలు అని. కొత్తకోటకు వచ్చి పది రోజులుండమని బతిమాలేది. ఆపా ఒక్క రాత్రికి మించి ఉండేది కాదు. అక్కడ మాటల్లో ఎవరి చావు కబురో వస్తే టీ పెట్టే వంకతో లేచిపోయేది. నవ్వుతూనే ఉండేది కానీ ప్రతి మాటా ముందు లోపల ఒకసారి అనుకొని తర్వాత పైకి అనేది. చూసే నాకే అలసట వచ్చేది.

తర్వాత జబీన్‌కు షుగర్ ముదిరి కిడ్నీలు దెబ్బతిన్నాయి. హైదరాబాద్ దవాఖానలో ఉంచి, లాభం లేదని ఇంటికి పంపించారు. ఆపాతో పాటు చూడటానికి నేనూ వెళ్ళాను. జబీన్ చిక్కిపోయింది కానీ నవ్వు పోలేదు. ఆపా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"సమ్‌ధన్, నీ చేతులు ఎంత మెత్తగున్నయ్. గీ చేతులతోని ఏమేం పనులు చేసినవ్?"

"ఏమున్నది, హుక్కులు కుట్టుడే."

"హుక్కులేనా?"

"హుక్కులే."

జబీన్ ఇంకేమీ అడగలేదు. ఆ చేతిని మాత్రం వదల్లేదు, అట్లాగే పట్టుకొని కళ్ళు మూసుకుంది. ఆపా ఆ రోజే బయల్దేరుదామని తొందర చేసింది.

మే నెలలో ఒక పొద్దున జబీన్ పోయిందని ఫోన్ వచ్చింది. కల్వకుర్తి మీదుగా కారులో వెళ్ళేసరికి ఎండ నెత్తికెక్కింది. ఇంటి ముందు టెంటు కింద మగవాళ్ళు, లోపల ఆడవాళ్ళు. మధ్య గదిలో మంచం మీద జబీన్. మిస్బా అప్పుడు ఐదో నెల కడుపుతో ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి, గోడకు ఆనుకొని కూర్చుంది. అత్త అంటే ఆమెకు నిజంగానే ఇష్టం.

నీళ్ళు కాగుతున్నాయి. కఫన్ గుడ్డ సిద్ధంగా ఉంది. మసీదు నుంచి స్నానం చేయించే చెక్కబల్ల వచ్చింది. చేయించే మనిషే లేదు. కొత్తకోటలో ఆ పని చేసే ఆమె హజ్‌కు వెళ్ళింది. వనపర్తి నుంచి ఇంకొకామెను తీసుకురావడానికి కారు పంపితే, ఆమె అక్కడ వేరే చావింట్లో ఉందని, అది అయ్యాకే వస్తుందని కబురు వచ్చింది. సాయంత్రం నమాజుకు ముందే తీసుకెళ్ళాలని బయట మగవాళ్ళ తొందర. లోపల అంతమంది ఆడవాళ్ళున్నారు, అందరి నోటా దువాలున్నాయి. లేచేవాళ్ళు లేరు.

జబీన్ చెల్లెలు తస్లీమ్ గది గుమ్మంలో నిలబడి, "ఎవ్వలికన్న వస్తదా? ఎవ్వలన్న లేస్తరా?" అని అడిగింది. కాసేపాగి మళ్ళీ అడిగింది. రెండోసారి అడిగినప్పుడు ఆమె చూపు ఆపా మీద ఆగినట్టు నాకనిపించింది. వియ్యపురాలు కదా, అందుకని చూసిందనుకున్నాను.

ఆపా తన రెండు చేతులూ చున్నీ లోపలికి లాక్కొని కూర్చుంది. నేను ఆమె చెవి దగ్గర వంగాను.

"లే ఆపా. ఇంకెవ్వల కోసం ఆగుతున్నవ్?"

"బిడ్డ మొఖం చూసినవా?" అంది.

చూశాను. ఎదురుగా మిస్బా తల్లి కళ్ళల్లోకే చూస్తూ, వద్దు వద్దని చిన్నగా తల ఆడిస్తోంది. పక్కనున్నవాళ్ళకు అది దుఃఖంలాగే కనిపించి ఉంటుంది. ఒక చేయి కడుపు మీద పెట్టుకుంది. తల్లి లేచి నిలబడితే మూడేళ్ళు దాచిన మాట అంతమందిలో బయటపడుతుంది. పడిన తర్వాత ఆ ఇంట్లో బతకాల్సింది మిస్బా.

ఆపా లేవలేదు. ఫ్యాను గాలి కూడా వేడిగానే ఉంది. మంచు గడ్డలు తెచ్చి మంచం కింద పెట్టారు, అవీ కరిగిపోయాయి. ఆపా పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఏం చదువుతోందో, ఎవరిని క్షమించమంటోందో నాకు తెలియదు.

చివరికి వనపర్తి ఆమె వచ్చింది. పాపం, అప్పటికే ఒక పని ముగించి ఎండలో పడి వచ్చిన మనిషి, అలసిపోయి ఉంది. బయట మగవాళ్ళు తొందర పెడుతున్నారు. పరదా కట్టారు. లోపల నుంచి నీళ్ళ చప్పుడు వినిపించింది. బకెట్లో మగ్గు ముంచి గబగబా పోస్తున్న చప్పుడు. తల బల్లకు తగిలినట్టు ఒక చిన్న శబ్దం వచ్చింది. ఆపా ఉలిక్కిపడి చున్నీ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆపా చేయిస్తే బిందెడు నీళ్ళు పోసినా చప్పుడు వచ్చేది కాదని నాకు ఊరివాళ్ళు చెప్పారు. నిద్రపోతున్న పిల్లకు పోసినట్టు పోస్తుందట.

ఆఖరి చూపుకు మొహం తెరిచారు. ఒక్కొక్కరూ వెళ్ళి చూసి వస్తున్నారు. ఆపా వంతు వచ్చింది. జబీన్ చెవి వెనక సబ్బు నురుగు ఎండి, తెల్లగా అంటుకొని ఉంది. తొందరలో కడగడం మరిచిపోయారు. ఆపా తన చున్నీ కొసను నాలుకతో తడిపి, మెల్లగా తుడిచింది. ఆమె చేయగలిగింది ఆ కాస్తే. మగవాళ్ళు జనాజా ఎత్తుకొని వెళ్ళిపోయారు.

నేను ఆ సాయంత్రమే ఇంటికి వచ్చేశాను. మూడో రోజు చేసే జియారత్ ప్రార్థనలకు, ఆపాను తీసుకురావడానికి మళ్ళీ వెళ్ళాను. ముందు గదిలో తెల్ల దుప్పటి పరిచి, మధ్యలో చింతగింజలు పోసి, ఆడవాళ్ళు ఒక్కో గింజ పక్కకు జరుపుతూ చదువుతున్నారు. వెనక పెరట్లో ఆపా గిన్నెలు తోముతోంది. అక్కడికి తస్లీమ్ వచ్చింది. నన్ను చూసి కూడా ఆగలేదు.

"ఎందుకు లెవ్వలే నువ్వు?" అంది ఆపాతో.

ఆపా చేతిలో గిన్నె అట్లాగే ఉండిపోయింది.

"మా అక్కకు అన్నీ తెల్సు. పిల్లను చూడనీకి రాకముందే తెల్సు. మా చిన్నమ్మ దేవరకొండల సచ్చిపోయినప్పుడు మా అక్క ఆడనే ఉన్నది. నువ్వు నీళ్ళు పోసుడు పరదా పక్కపొంటి చూసింది. ఆమె బిడ్డంటే కండ్లు మూసుకొని చేసుకోవచ్చని నాతోని అన్నది. గందుకే చేస్కున్నది."

"మరి... ఎన్నడు అడగలే నన్ను."

"అడిగింది గద! మంచం మీదున్నప్పుడు నీ చెయ్యి పట్టుకొని అడిగింది. నువ్వు హుక్కులన్నవ్." తస్లీమ్ ఏడుపు ఆపుకోలేకపోయింది. "మా అక్క నాతోని, నేను పోతే సమ్‌ధనే పొయ్యాలె నీళ్ళు, ఇంకెవ్వలు ముట్టద్దన్నది. కని ఆమెను బలవంతం చెయ్యకుండ్రి, మనం బయటపెడితే సిగ్గుపడ్తది, ఆమె నోటితోనే చెప్పాలె అన్నది. నేను గుమ్మంల నిలవడి నిన్నే చూసిన. రెండుసార్లు అడిగిన. లేస్తవేమో లేస్తవేమో అని చూసిన."

ఆపా ఏడవలేదు. గిన్నె కింద పెట్టి, చేతులు కడుక్కొని, నేరుగా ముందు గదిలోకి నడిచింది. చింతగింజల చుట్టూ కూర్చున్న వాళ్ళు తలెత్తి చూశారు.

"నేను గుసుల్ ఇచ్చేదాన్ని" అంది. మాట స్పష్టంగానే వచ్చింది. "దేవరకొండల ముప్పై ఏండ్ల సంది గదే పని. బిడ్డ పెండ్లి కోసం దాచిపెట్టిన. మొన్న నా వియ్యపురాలు నా ముంగట పడుకోని ఉంటే చేతులు చున్నీల పెట్టుకోని కూసున్న. నాకు వచ్చు. వచ్చి కూడ లెవ్వలే."

గింజలు జరిపే చేతులు ఆగిపోయాయి. ఒకామె మాత్రం తన ముందున్న ఖీర్ గిన్నెను మెల్లగా పక్కకు జరుపుకుంది. పొద్దున ఆ ఖీర్ ఆపానే కలిపింది. నాకు ఆ గిన్నె తీసి విసిరికొట్టాలనిపించింది. పరాయి ఇంట్లో చావు రోజులని ఊరుకున్నాను.

మిస్బా లేచి లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. ఆపా వెంట వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది.

"ఇప్పుడెందుకు చెప్పినవ్ అమ్మీ? ఆమె మట్టిలకు పోయినంక ఎవ్వలకోసం చెప్పినవ్? నీ మనసు తేలిక చేసుకునేటందుకు చెప్పినవ్. నేనే గద ఇక్కడ ఉండేది."

"నిజమే బిడ్డా."

"నా కడుపుల బిడ్డకు నీ నీడ తగుల్తదని నాకెంత భయమైందో తెల్సా?" అంది మిస్బా.

ఊళ్ళో ఎంతమంది ఎన్ని రకాలుగా పక్కకు జరిగినా తట్టుకున్న మనిషి, ఆ మాటకు తలుపు పట్టుకొని నిలబడింది. తన బిడ్డ కూడా అందరిలాగే భయపడుతోందని ఆమెకు అప్పుడే తెలిసింది. తర్వాత సంచి తీసుకొని బయటికి వచ్చింది.

కారు దాకా ఫిరోజ్ వచ్చాడు. "అత్తమ్మా, నాకు ముందే చెప్పుంటే సంబంధం వద్దంటుంటినో, చేసుకుంటుంటినో, నాకే తెల్వది. ఉన్నమాట చెప్తున్న" అన్నాడు. నాకు ఆ పిల్లవాడి మీద గౌరవం కలిగింది. చేసుకునేవాణ్ణే అని అనడం అప్పుడు చాలా సులువు.

దేవరకొండకు వచ్చాక మొదటిసారి పిలుపు వచ్చినప్పుడు ఆపా చున్నీ కప్పుకొని బయల్దేరింది. ఆ ఇంటి గడపలో నిలబడి, "ఇన్నొద్దులు నడుము నొప్పి అన్నది అబద్ధం. హఫీజాబీకి కూడ అబద్ధమే చెప్పిన" అని చెప్పి లోపలికి పోయింది. పని అయ్యాక ఆ ఇంటివాళ్ళతో ఇంకో మాట కూడా అందట. "మీ ఇంట్ల పెండ్లయితే నన్ను పిలువుండ్రి. పిలవకుంటే డబ్బా పంపకుండ్రి." అది విని నేను ఎంత సంబరపడ్డానో చెప్పలేను. ఊరు మాత్రం గింజుకుంది. ఒక్క ఇంట్లో పిలిచారు, వెళ్ళి పెళ్ళికూతురికి పసుపు పెట్టి వచ్చింది. మిగతావాళ్ళు డబ్బాలు పంపడం మానేశారు కానీ పిలవడం మొదలుపెట్టలేదు.

మిస్బా మాత్రం ఫోన్ ఎత్తేది కాదు. మొదటి కాన్పుకు తల్లిగారింటికి రావాల్సింది, రాలేదు. కొడుకు పుట్టాడని ఫిరోజ్ చెప్తే మేమిద్దరం దవాఖానకు వెళ్ళాం. పిల్లవాడికి డానిష్ అని పేరు పెట్టుకున్నారు. తస్లీమ్ ఒళ్ళో ఉన్నాడు. ఆపా మంచం కాళ్ళ దగ్గర నిలబడి చూసింది. ఎత్తుకొమ్మని మిస్బా అనలేదు, ఇమ్మని ఆపా అడగలేదు. చేతులు వెనక్కి పెట్టుకొని, మెడ చాపి, ఎంతసేపు చూసిందో. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, "సర్దార్ ముక్కే వచ్చింది" అని ఒక్క మాట అంది.

ఆ చలికాలం ఒక పొద్దున ఆపా ఫోన్ పట్టుకొని నా దుకాణానికి వచ్చింది. మిస్బా చేసింది, మాట్లాడుతూనే ఉంది. స్పీకర్ పెట్టి నేనే ఫోన్ పట్టుకున్నాను. అందుకే రెండు వైపులా విన్నాను.

"అమ్మీ, మా ఎదురింటి ఆమె అత్త సచ్చిపోయింది. జియారత్ నాడు ఖీర్ గిన్నె జరుపుకోలే? ఆమెనే. ఇప్పుడు నా దగ్గరికి వచ్చి, మీ అమ్మను పిలుస్తవా అని అడుగుతున్నది."

"నువ్వేమన్నవ్?"

"మా అమ్మీ వస్తది అన్న."

మేము వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. ఆపా పరదా వెనక్కి వెళ్ళింది. ఈసారి గదిలో అందరూ చెవులు రిక్కించుకొని కూర్చున్నారు, నీళ్ళ చప్పుడు ఏమీ రాలేదు. పని ముగించి ఆమె బయటికి వచ్చి, పెరట్లో చేతులు కడుక్కొని, ఇంటి ముందుకు వచ్చింది. గుమ్మంలో ఉన్న ఆడవాళ్ళు అలవాటుగా అటూ ఇటూ జరిగి దారి ఇచ్చారు. చీర కుచ్చిళ్ళు దగ్గరకు లాక్కున్నవాళ్ళూ ఉన్నారు. దారి మధ్యలో మిస్బా పిల్లవాడిని ఎత్తుకొని నిలబడి ఉంది. ఆమె జరగలేదు.

"అమ్మీ, తీస్కో."

"చేతులు తడిగున్నయ్ బిడ్డా. తానం గూడ చెయ్యలే."

"ఉండనియ్యి."

అందరూ చూస్తుండగా డానిష్‌ను తల్లి చేతుల్లో పెట్టింది. పిల్లవాడికి ఏం తెలుసు, అమ్మమ్మ చున్నీ అంచు నోట్లో పెట్టుకున్నాడు. ఆపా వాణ్ణి గుండెకు హత్తుకొని అక్కడే మెట్టు మీద కూలబడిపోయింది. జబీన్ చనిపోయిన రోజు ఏడవలేదు, తస్లీమ్ చెప్పిన రోజు ఏడవలేదు. ఆ ఏడుపంతా ఇప్పుడు వచ్చింది.

"నా పని గిదని మనిద్దర్ల ఒక్కలన్న మీ అత్త బతికున్నప్పుడు అనుంటే, ఆమెకు నా చేతుల మీదుగ నీళ్ళు పడుతుండె బిడ్డా. ఎదురు చూసిందంట నా కోసం" అంది.

మిస్బా తల్లి పక్కనే మెట్టు మీద కూర్చొని తనూ ఏడ్చింది.